చీటీ తీసే చెయ్యి ఎవరిది

భీమవరానికి దగ్గర్లో ఒక పల్లెటూళ్ళో వేణుగోపాలస్వామి కోవెల అర్చకుణ్ణి నేను. తాతగారు, నాన్నగారు చేసిన కైంకర్యమే నాకూ దక్కింది. పొద్దున్న ఆరాధన అయ్యాక తీర్థం, శఠారి ఇస్తూంటే కొందరు తీర్థం పుచ్చుకుని కూడా కదలరు. స్తంభం పక్కన ఆగుతారు. జనం పల్చబడ్డాక దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఆచార్లుగారూ, స్వామి దగ్గర చీట్లు వెయ్యాలండి" అంటారు. అమ్మాయికి వచ్చిన సంబంధం కావచ్చు. అబ్బాయి కువైట్ ప్రయాణం కావచ్చు. వరి పండే రెండెకరాలు రొయ్యల చెరువుకి లీజుకివ్వడమో, భర్త పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మేసి హైదరాబాదులో కొడుకు దగ్గర చేరడమో కావచ్చు. మామూలు రోజుల్లో మనిషికి దేవుడి దర్శనం చాలు. బతుకు మలుపు తిరిగేటప్పుడు మాత్రం జవాబు కావాలి.

ఆ జవాబు ఆయన ఇస్తాడా? ఇస్తే ఇక మన ఇష్టమంటూ మిగిలేదేమిటి? ఇవ్వడనుకుంటే మరి ఇంతకాలం ఎవరికి విన్నవించుకుంటున్నట్టు? ఆయన పాదాల దగ్గరే వయసంతా గడిపినవాణ్ణి గనక ఈ ప్రశ్నని దాటి వెళ్ళే వీలు నాకు లేదు.

చీట్లు వెయ్యడంలో పెద్ద తంతేమీ లేదు. ఒకే నోటుపుస్తకంలోంచి ఒకే కాగితం తీసి సమానంగా చింపాలి. ఒకదాని మీద 'చెయ్యి' అని, ఇంకోదాని మీద 'వద్దు' అని ఒకే పెన్నుతో రాయాలి. సిరా వెనక్కి కనపడకూడదు. ఒకే తీరున మడతలు పెట్టి, తులసిదళంతో పళ్ళెంలో ఉంచి, స్వామి పాదాల దగ్గర పెట్టి, హారతయ్యాక ఇంకా అక్షరాలు రాని పసివాళ్ళ చేత ఒకటి తీయిస్తాం. నాన్నగారు మాత్రం కాగితాన్ని మూడు ముక్కలు చేసేవారు. మూడోదాని మీద ఏమీ రాసేవారు కాదు. దాన్నీ అలాగే మడిచి ఆ రెంటితో కలిపేవారు. ఆ ఖాళీ చీటీ వస్తే అడిగినవాళ్ళ మొహం వాడిపోయేది. "ఇదేంటండీ, స్వామి ఏమీ చెప్పలేదేంటండీ" అనేవారు. "చెప్పాడు కదమ్మా. బాగా ఆలోచించుకుని నీకు ఏది సబబనిపిస్తే అది చెయ్యమన్నాడు. తోడుగా తనుంటానన్నాడు" అనేవారు నాన్నగారు. ఇంకోసారి తీయించమంటే ససేమిరా ఒప్పుకునేవారు కాదు.

ఆయన ఆ మూడో చీటీ ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో నేను అడగలేదు. శ్రీవైష్ణవ సంప్రదాయం చదువుకున్నకొద్దీ నాకే తెలిసింది.

రామానుజులవారి జీవితమే చూడండి. సంప్రదాయం చెప్పే లెక్కలో 1017 నుంచి 1137 దాకా బతికిన మనిషి. అంత పెద్ద ఆయుష్షులో ఎన్ని మలుపులు! చదువు చెప్పిన యాదవప్రకాశులతో పొసగలేదు. యామునాచార్యుల దర్శనం కోసం శ్రీరంగం వెళ్ళేసరికి ఆయన పరమపదించారు. గురువు లేక, దారి తెలియక కంచికి తిరిగొచ్చారు. అక్కడ వరదరాజస్వామికి ఆలవట్టం, అంటే విసనకర్ర, వీచే కాంచీపూర్ణులున్నారు, తమిళంలో తిరుక్కచ్చి నంబి అంటారు. తన మనసులో సందేహాలున్నాయనీ, వాటికి స్వామినే అడిగి జవాబు తెచ్చిపెట్టమని రామానుజులు ఆయన్ని వేడుకున్నారు. సందేహాలేమిటో పైకి చెప్పనుకూడా లేదు. నంబి ఏకాంతంలో స్వామికి విన్నవించారు. స్వామి ఆరు మాటలు చెప్పాడు, వీటినే మేం ఆరు వార్తలంటాం. పరతత్త్వం తానేనన్నాడు. జీవుడూ ఈశ్వరుడూ వేరన్నాడు. మోక్షానికి ఉపాయం ప్రపత్తి, అంటే శరణాగతి, అన్నాడు. ఆఖరి క్షణంలో స్మరణ ఉండి తీరాలన్న నిబంధన లేదన్నాడు. దేహం పడిపోగానే మోక్షమన్నాడు. శ్రీరంగంలో ఉన్న పెరియ నంబిని, అంటే మహాపూర్ణులని, ఆచార్యుడిగా ఆశ్రయించమన్నాడు.

దేవుడు ఇంత విప్పి చెప్పిన సందర్భాలు మా గురుపరంపర కథల్లో కూడా అరుదు. అందుకే నేను ఈ ఆరింటినీ మళ్ళీ మళ్ళీ తిరగేసి చూసుకుంటాను. ఐదు తెలుసుకోవాల్సిన సంగతులు. చెయ్యాల్సిన పని ఒక్కటే, అది కూడా ఒక మనిషి దగ్గరికి వెళ్ళమని. ఎప్పుడు బయల్దేరాలి, కంచిలో ఇల్లేం చెయ్యాలి, భార్యతో పొసగని కాపురం సంగతేమిటి, వీటి గురించి ఒక్క ముక్క లేదు. రామానుజులు వాటికోసం మళ్ళీ నంబి గుమ్మం ముందు నిలబడలేదు. శ్రీరంగం దారి పట్టారు. అటునుంచి పెరియ నంబి కూడా ఈయన కోసమే కంచికి బయల్దేరారు. ఇద్దరూ మధురాంతకంలో ఎదురుపడ్డారు. అక్కడి రాముడి కోవెలలో, పొగడచెట్టు కింద, రామానుజులకి పంచసంస్కారాలు, అంటే వైష్ణవ దీక్ష, జరిగాయి.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఊరు మధురాంతకం. కంచీ కాదు, శ్రీరంగమూ కాదు. స్వామి ఆ ఊరి పేరు ఎత్తలేదు. ఎవరి ఇంట్లోంచి వాళ్ళు లేచి నడిచినందువల్ల ఇద్దరు మనుషులకి దొరికిన చోటు అది. శ్రీరంగం చేరాకే మంత్రోపదేశం తీసుకుంటానని రామానుజులు భీష్మించుకోలేదు. మనిషి బతుకు ఎంత క్షణికమో తెలిసినవాడు గనక, కలిసినచోటే ఇప్పించమన్నారు. దైవసంకల్పం ఎక్కడ, మానవయత్నం ఎక్కడ అని ఆ చెట్టు కింద గీత గీయమంటే నావల్ల కాదు.

సన్న్యాసం తీసుకోవాలన్న నిర్ణయం ఆ తర్వాత వచ్చింది. అది ఆరు వార్తల్లో లేదు. ఇంకా తర్వాత తిరుక్కోష్టియూర్. శ్రీరంగం నుంచి 18 సార్లు తిరిగితే గాని ఆ ఊరి ఆచార్యులు తిరుక్కోష్టియూర్ నంబి మంత్రం రహస్యార్థం చెప్పలేదు. ఎవరికీ చెప్పకూడదనీ, చెబితే నరకమనీ ఆంక్ష పెట్టి మరీ చెప్పారు. రామానుజులు ఆ ఊరి గోపురమెక్కి అందర్నీ పిలిచి చెప్పేశారు. తానొక్కడు నరకానికి పోయినా ఇంతమంది తరిస్తారు కదా అన్నారు. ఆంక్ష పెట్టిన నంబే ఆయన్ని కౌగిలించుకుని 'ఎంబెరుమానార్', అంటే మా స్వామి, అని పిలిచారు. మేం దీన్ని కరుణకి ఉదాహరణగా చెప్పుకుంటాం, అది నిజమే. నాకు ఇంకో సంగతి కూడా కనపడుతుంది. కంచిలో స్వామిని అడిగించుకున్న మనిషి, గోపురం మెట్ల దగ్గర ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దనేవాళ్ళే. ఫలితం ఏదైనా తనదేనని ముందే ఒప్పుకుని ఎక్కారు. దైవం ఒకనాడు దారి చూపింది ఇలాంటి రోజున సొంత కాళ్ళమీద నిలబడగలిగేందుకే అని నేను నమ్ముతాను.

బ్రహ్మసూత్రాలకి తాను రాసిన వ్యాఖ్యానం శ్రీభాష్యంలో రామానుజులు ఈ సంగతిని శాస్త్రంగా తేల్చారు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మూడో పాదంలో ప్రశ్న సూటిగానే వస్తుంది. జీవుడు కర్త. ఆ కర్తృత్వం పరమాత్మ అధీనంలో ఉంది. మరి అన్నీ ఆయనే చేయిస్తుంటే, ఇది చెయ్యి, అది చెయ్యకు అని శాస్త్రం ఎవరికి చెబుతున్నట్టు? జీవుడు మొదట చేసే ప్రయత్నాన్ని చూసి, లోపలున్న అంతర్యామి అనుమతి ఇస్తాడు, ఆ అనుమతితో పని నడుస్తుంది అంటారు రామానుజులు. దానికి ఆయన చెప్పిన ఉదాహరణ మా జిల్లా రైతుకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న సొత్తుని ఒకడు ఇంకొకరికి ఇవ్వాలంటే రెండోవాడు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా సరే, ఇచ్చింది వీడే గనక ఫలం వీడిదే. ఉమ్మడి పొలం మొత్తం అమ్మే కాగితాల మీద రెండో సంతకం లేకపోతే రిజిస్ట్రేషన్ జరగదు. కానీ మొదటి సంతకం పెట్టాల్సినవాడు పెట్టకుండా, రెండూ మీరే పెట్టండి అంటే ఏ కాగితమూ కదలదు. చీటీ కోసం వచ్చేవాళ్ళలో చాలామంది నా దగ్గర అడుగుతున్నది అదే.

రామానుజులు తిరుపతిలో మేనమామ తిరుమల నంబి దగ్గర ఏడాదిపాటు రామాయణ రహస్యాలు చదువుకున్నారు. మేం రామాయణాన్ని శరణాగతి శాస్త్రమంటాం. అందులో శరణాగతికి పేరుమోసినవాడు విభీషణుడు. ఆయన్ని రాముడి దగ్గరికి పొమ్మని ఎవరూ చెప్పలేదు. అన్నకి హితం చెప్పాడు, చెల్లలేదు, నిండు సభలో అవమానపడ్డాడు. నలుగురు అనుచరులతో ఆకాశానికి లేచి, పెళ్ళాన్నీ పిల్లల్నీ లంకలోనే వదిలి, సముద్రం దాటాడు. అవతల ఒడ్డున ఉన్నవాళ్ళు బతకనిస్తారన్న నమ్మకమైనా లేదు. అదే ఇంట్లో కుంభకర్ణుడూ ఉన్నాడు. రావణుడిది తప్పని అతనికీ తెలుసు, మొహం మీదే చెప్పాడు కూడా. చెప్పి, అన్న పక్కనే నిలబడి యుద్ధంలో పోయాడు. ఇద్దరికీ ఒకే తల్లి, ఒకే ఇల్లు, తెలిసిన ధర్మమూ ఒకటే. దైవం నుదుటిమీద రాసిందే జరుగుతుందనుకుంటే ఈ ఇద్దరి కథా ఎవరికీ పనికిరాదు. శరణాగతి అంటే చేతులు ముడుచుకోవడమని అనేవాళ్ళని విభీషణుడు దాటిన సముద్రం వైపు ఒకసారి చూడమంటాను. ఇటుపక్క రాముడు కూడా తాను దేవుణ్ణని తోచింది చేసెయ్యలేదు. సుగ్రీవుడు వద్దన్నాడు, కొందరు పరీక్షించి చూద్దామన్నారు, హనుమంతుడు మంచివాడేనన్నాడు. అందరి మాటా విన్నాకే అభయమిచ్చాడు.

నాకూ ఒక మలుపు వచ్చింది. 1987లో దేవాదాయ చట్టం వచ్చి వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2007లో చట్టం సవరించేదాకా మా ఇళ్ళల్లో ఒకటే బెంగ. చట్టం వచ్చేనాటికి నా డిగ్రీ అయింది. బీఈడీ చేసి మాస్టారి ఉద్యోగం చూసుకోమని చుట్టాలందరిదీ పోరు. కోవెల వదల్లేను, ఇంటి జరుగుబాటు చూస్తే భయం. ఒకనాటి రాత్రి పవళింపు సేవ అయ్యాక నాన్నగారితో, "నాకు కూడా చీట్లు వెయ్యండి" అన్నాను. ఆయన తలుపులకి తాళం వేస్తూ, "నీకు వెయ్యను" అన్నారు. "గీత పారాయణ చేస్తావు గదా, 18వ అధ్యాయంలో 63వ శ్లోకం దగ్గర ఎప్పుడైనా ఆగావా?" అన్నారు.

ఆ రాత్రి ఆగాను. యుద్ధరంగంలో విల్లు కింద పెట్టేసినవాడికి 18వ అధ్యాయం దాకా చెప్పి, విశ్వరూపం కూడా చూపించి, అంతా అయ్యాక కృష్ణుడు అక్కడ అనేదేమిటంటే: రహస్యాల్లోకెల్లా రహస్యం నీకు చెప్పాను, దీన్ని ఏమీ మిగల్చకుండా విచారించుకో, ఆపైన నీ ఇష్టం. ఆజ్ఞాపించగలిగినవాడు, ఆజ్ఞాపిస్తే కాదనలేని చనువున్నవాడు, ఆ మాట అన్నాడు. మేం చరమశ్లోకమని నెత్తిన పెట్టుకునే 66వ శ్లోకం, అన్నీ వదిలి నన్నొక్కణ్ణే శరణు పొందమని అభయమిచ్చే శ్లోకం, దీని తర్వాతే వస్తుంది. ఆ వరస నాకు చాలా ముఖ్యం. ముందు నీ ఇష్టమన్నాడు, తర్వాత శరణనమన్నాడు. తన ఇష్టమేమిటో తెలియనివాడు స్వామి పాదాల దగ్గర ఏం పెడతాడు? 73వ శ్లోకంలో అర్జునుడు మోహం పోయింది, నీ మాట ప్రకారం చేస్తానంటాడు. ఆ 'చేస్తాను' అనేమాట అతని నోటినుంచే రావాల్సి వచ్చింది.

నేను కోవెల్లోనే ఉండిపోయాను. స్వామి చెప్పాడని కాదు. ఉండాలనిపించి ఉన్నాను. ఆయన కాదనలేదు. చెయ్యి బిగపట్టి ఖర్చుపెట్టుకోవాల్సిన ఏళ్ళు చాలానే వచ్చాయి, వాటికి నేను ఎవరి మీదా నేరం మోపక్కర్లేకపోయింది.

నాన్నగారి తర్వాత చీట్లు వేసే పని నాకొచ్చింది. మూడో చీటీ నేనూ కలుపుతాను. కొందరికి మాత్రం అసలు వెయ్యను. ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. అమ్మాయి నర్సింగ్ పూర్తి చేసింది, బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. ఈయనకేమో రాజమండ్రి సంబంధం కుదుర్చుకోవాలని ఉంది. "స్వామి ఎలా చెబితే అలాగేనండి" అన్నాడు. ఆ పిల్ల స్తంభాన్ని ఆనుకుని, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. "నీ మాటేంటమ్మా?" అని అడిగాను. పిల్ల నోరు తెరిచేలోపు తండ్రి అందుకుని, "దానికేం తెలుసండీ, చిన్నపిల్ల" అన్నాడు. రోగుల ప్రాణాలు చేతుల్లో పెట్టుకునే చదువు చదివిన పిల్ల అది. చీట్లు వెయ్యనని చెప్పేశాను. ఆయనకి కోపం వచ్చింది. ఇంకో ఊళ్ళో వేయించుకున్నాడని తర్వాత తెలిసింది. పెళ్ళయింది. ఆ అమ్మాయి ఎలా ఉందో అడిగే చనువు నాకు లేదు. స్వామి పాదాల్ని అడ్డం పెట్టి ఒక మనిషి నోరు మూయించడం అపచారమని మాత్రం ఎవరి ముందైనా అంటాను. అంతర్యామి ఆ తండ్రిలో ఉన్నట్టే ఆ పిల్లలోనూ ఉన్నాడు. ఆయన అనుమతి ఇవ్వడానికి ముందు ఆ పిల్ల ఏదో ఒకటి కోరుకోనివ్వాలి కదా.

చీట్లు వద్దనే వాదం నాది కాదు. మా ఊళ్ళోనే ఒక పెద్దావిడ, భర్త పోయాక, ఇద్దరు కొడుకులు చెరోవైపు లాగుతుంటే వచ్చింది. "నా నోటితో నేను చెప్పలేను బాబూ, ఎవరి దగ్గర ఉంటానన్నా రెండోవాడు బాధపడతాడు" అంది. ఊళ్ళో తన ఇంట్లోనే ఉండాలని ఆవిడకి ఉందని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. వేశాను. ఊళ్ళోనే ఉండమని వచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని స్వామికి సాష్టాంగపడింది. ఆవిడ తన సంతకం మనసులో ఎప్పుడో పెట్టేసుకుంది, ఆయనది కూడా చూసుకుని వెళ్ళడానికి వచ్చింది. దైవం అలా తోడొస్తుంది. ఈ ముప్ఫై ఏళ్ళ పైచిలుకులో దాన్ని కళ్ళారా చూశాను గనకే చెబుతున్నాను.

ఇక మనిషి చేతుల్లో ఏమీ లేని మలుపు ఒకటుంది. నాన్నగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పొద్దున్న లేచింది మొదలు పెరుమాళ్ళ నామం తప్ప ఇంకోటి ఎరగని నోరు, ఆఖరి రోజుల్లో పెదవి కదల్చలేకపోయింది. మనుషుల్ని గుర్తుపట్టడం కూడా పోయింది. "ఒక్కసారి నారాయణ అనలేకపోయారే" అని అమ్మ కుమిలిపోయేది. అప్పుడు నాకు నాలుగో వార్త చేతికి అందింది. ఆఖరి స్మరణ ఉండి తీరాలన్న నిబంధన లేదని కంచి వరదుడు చెప్పాడు కదా! వరాహస్వామి భూదేవికి ఇచ్చిన మాట కూడా అదే. ఒంట్లో సత్తువ, మనసులో నిలకడ ఉన్న రోజుల్లో తనని తలుచుకున్నవాడు, చివరికి కట్టెలా పడి ఉన్నప్పుడు, వాణ్ణి తాను తలుచుకుని తానే తీసుకువెళ్తానన్నాడు. అమ్మ పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. "అయితే ఇప్పుడు ఆయన పని స్వామిదన్నమాట" అంది. అవునన్నాను. మనిషి ఎంచుకోగలిగినంతకాలం ఆయన మన బదులు ఎంచుకోడు. ఎంచుకునే శక్తి పోయాక మనల్ని ఏదీ అడగడు. ఈ రెంటిలోనూ నాకు ఒకే దయ కనపడుతుంది. రెండోదాన్ని నమ్ముకున్నాను గనకే మొదటిదానికి భయపడను.

ఇప్పుడు మా అబ్బాయి వంతు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కోడలు కూడా ఉద్యోగస్థురాలే. నాకు మోకాళ్ళు వంగడం లేదు, గర్భాలయం గడప దాటడానికి ద్వారబంధం పట్టుకోవాల్సి వస్తోంది. మొన్న ఫోన్‌లో, "నాన్నగారూ, నేను వచ్చెయ్యనా? స్వామి ఏమనుకుంటున్నాడో మీకు తెలుస్తుంది గదా" అన్నాడు. నాకు తెలిసినవన్నీ చెప్పాను. కోవెల రాబడి ఎంతో చెప్పాను. ధనుర్మాసంలో ఎన్నింటికి లేవాలో వాడికి తెలిసిందే, అయినా చెప్పాను. వంటశాల కప్పు వానలకి కారుతోందనీ, ఊళ్ళో పిల్లల చదువుకి భీమవరం బస్సెక్కించాల్సిందేననీ చెప్పాను. తను రాకపోయినా ఆగమం చదువుకున్న కుర్రాడెవరైనా వస్తాడనీ, స్వామికి ఆరాధన ఆగదనీ చెప్పాను. నా మనసులో ఏముందో కూడా దాచలేదు, నువ్వు వస్తే సంతోషిస్తానురా అన్నాను. కోడలి ఉద్యోగం ఆ అమ్మాయిది, దాని గురించి ఆ అమ్మాయితో కూర్చుని మాట్లాడకుండా నాకు ఏ మాటా చెప్పవద్దన్నాను. ఉగాదికి వస్తున్నారు, ఇద్దరూ.